నా కూతురు ఏమని రాసుకోవాలి సార్?

గౌరవనీయులైన క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ ఆఫీసులో ఇచ్చాను, రశీదులు నా దగ్గరే ఉన్నాయి. జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను.

మా పాప నాలుగో తరగతిలో ఉండగా ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, స్టాండింగ్ బ్రాడ్ జంప్ (నిలబడిన చోటి నుంచే ముందుకు దూకడం) చూసి స్పోర్ట్స్ హాస్టల్లో చేర్చుకున్నారు. అప్పట్నుంచి ఊళ్లో అందరికీ తను 'పరుగుల పిల్ల'. పోయినేడు లాంగ్‌జంప్ పిట్‌లో పడి మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక దూకొద్దన్నారు. వారం తిరక్కుండా ట్రంకు పెట్టె సర్దించి ఇంటికి పంపేశారు. మోకాలికి ఫిజియోథెరపీ ఎన్నాళ్లు చేయించాలో కాగితం మీద రాసిచ్చారు. మనసు సంగతి ఒక్కరూ అడగలేదు.

సార్, తను ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తుంది. షూ లేసులు బిగించుకుని అరుగు మీద కూర్చుంటుంది. వెలుగొచ్చాక విప్పేసి, లోపలికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆదివారం వస్తే స్పైక్స్‌ని (అడుగున మేకులుండే పరుగు బూట్లని) పాత టూత్‌బ్రష్‌తో తోమి, పేపర్లో చుట్టి మంచం కింద పెడుతుంది. మొన్న బ్యాంకులో ఫారం నింపుతూ 'వృత్తి' అన్నచోట ఆగిపోయింది. అథ్లెట్ అని రాసి కొట్టేసింది. స్టూడెంట్ అని రాద్దామంటే చదువు ఎప్పుడో వెనకపడింది. "నేనేమని రాయాలి నాన్నా?" అంటే నాకు నోట మాట రాలేదు. వెనక లైన్లో జనం తొందరపెడుతున్నారు. ఆ గడి ఖాళీగానే వదిలేసి వచ్చాం.

'కాలు బాగైందిగా, ఇంకా టెన్షనెందుకు' అంటారు బంధువులు. వాళ్లకు తెలియకపోవచ్చు, మీ శాఖకు తెలియాలి కదా. 2008లో బీజింగ్‌లో బంగారు పతకం గెలిచిన షూటర్ అభినవ్ బింద్రానే ఆ తర్వాత లోపలంతా ఖాళీ అయిపోయిందని చెప్పుకున్నారు. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2021లో టోక్యోలో మనసు సహకరించక టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది, కోలుకుని 2024లో పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. పెద్ద పేరున్నవాళ్లకే అంత కష్టమైతే, జిల్లా సర్టిఫికెట్లు తప్ప ఏమీ లేని మా పిల్ల ఎలా తట్టుకుంటుంది? తనతో మాట్లాడేవాళ్లెవరు?

దయచేసి హాస్టల్‌కొక సైకాలజిస్టును వేయండి. దెబ్బ తగిలిన పిల్లల్ని రాత్రికి రాత్రి ఇంటికి పంపకండి. ఆగిపోయిన చదువు ఎలా అందుకోవాలో చెప్పే మనిషి ఒకరుండాలి. చిన్నపిల్లలకు దూకడం నేర్పే పనైనా మా పాపకు ఇప్పించండి. జీతం తక్కువైనా ఫర్వాలేదు సార్, గ్రౌండ్‌లో ఉంటే చాలు తనకి. మిమ్మల్ని వేడుకుంటున్నాను, ఈ నాలుగో అర్జీకైనా జవాబు ఇప్పించండి.

ఇట్లు,
ఒక లాంగ్‌జంపర్ తండ్రి