ఈవో పని మానేయడం లేదు, పద్ధతి మారుస్తున్నాం

పోయిన రెండు వారాల్లో ఫోన్ చేసిన వాళ్లంతా అడిగింది ఒకటే: "ఈవోల పని మానేస్తున్నారట, నిజమేనా?" ఈవో అంటే మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ కారు. మా రిపేరు షెడ్డులో రెండో లిఫ్ట్ మీద వేరే కంపెనీ బండ్లు కనిపించేసరికి ఈ మాట పుట్టినట్టుంది. మానేయడం లేదు. కానీ ఇన్నాళ్లూ చేసినట్టు చేయడం ఇక కుదరదు. ఎందుకో దాచకుండా చెప్తాను.

మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ తయారీ ఆగిపోయి పదేళ్లవుతోంది. 2015లో ఫైనల్ ఎడిషన్ పేరుతో జపాన్‌కు 1,000 బండ్లు, అమెరికాకు 1,600 బండ్లు ప్రకటించి, వాటితో ముగించేశారు. ఒక్కో బండిలో దాని వరుస నంబరు వేసిన చిన్న ప్లేటు పెట్టారు. కంపెనీ దృష్టి ఎస్‌యూవీలు, కరెంటు బండ్ల మీదికి మళ్లింది. వాళ్ల లెక్క నాకు అర్థమవుతుంది, కానీ ఇప్పటికీ మింగుడుపడదు.

ఎందుకంటే ఇలాంటి బండి నా చేతికి ఇంకోటి రాలేదు. 1992లో మొదటి ఈవో పుట్టిందే కార్ల ర్యాలీ పందేల కోసం. పోటీలో దించాలంటే అదే బండిని మామూలు జనానికీ అమ్మాలన్నది అప్పటి రూలు. ఆ రూలు పుణ్యమా అని నాలుగు తలుపుల ఇంటి కారులోకి రెండు లీటర్ల టర్బో ఇంజన్, నాలుగు చక్రాలకూ డ్రైవ్ వచ్చి చేరాయి. 1996 నుంచి 1999 దాకా టామీ మాకినెన్ వరుసగా నాలుగుసార్లు ప్రపంచ ర్యాలీ డ్రైవర్ టైటిల్ గెలిచింది ఈ బండ్లతోనే. అదే బండిలో వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని, డిక్కీలో సామాను పెట్టుకుని ఊరెళ్లి రావచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ఈమధ్య ఒక కస్టమర్ తన ఈవో 10 (ఆఖరి మోడల్) తెచ్చారు. మీటర్‌లో వార్నింగ్ వెలిగింది, బండి మలుపుల్లో బద్ధకిస్తోందన్నారు. వెనక చక్రం దగ్గర లోపలి ప్లాస్టిక్ కవర్ విప్పితే దాని వెనకున్న హైడ్రాలిక్ పంపు మట్టి గడ్డకట్టి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే మట్టితో పాటు అల్యూమినియం కూడా తెల్లటి పొడై రాలింది. ఈవో మలుపులో అంత చురుగ్గా తిరగడానికి ఈ పంపు ఇచ్చే ప్రెషరే ఆధారం. ముందు వెనక చక్రాలకు శక్తి పంచే మధ్య డిఫరెన్షియల్‌నీ, వెనక ఎడమ కుడి చక్రాలకు శక్తి పంచే ఏవైసీనీ నడిపేది అదే. అది పోతే బండి నడుస్తుంది, కానీ ఈవోలా నడవదు.

పది రోజుల్లో ఇస్తానన్నాను. కొత్తదని చెప్పి ఒక సప్లయర్ అమ్మిన పంపు బిగించాం. మూడు వారాలకే మళ్లీ అదే లైటు. విప్పి చూస్తే పాతదాన్నే కడిగి, రంగేసి ఇచ్చారు. ఇంకోటి దొరికేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ కస్టమర్ ఫోన్ చేసిన ప్రతిసారీ "వచ్చే వారం" అన్నాను. మోసం సప్లయర్‌ది, అబద్ధపు తేదీలు చెప్పింది నేను. రెండుసార్ల కూలీ డబ్బూ వెనక్కిచ్చాను, క్షమించమని అడిగాను. ఆయన బండి ఇప్పటికీ మా దగ్గరికే తెస్తున్నారు. ఆ నమ్మకం నాకు చాలా పెద్దది.

అందుకే ఇకనుంచి పార్ట్ నా చేతికొచ్చి, నేను కళ్లారా చూసుకున్నాకే తేదీ చెప్తాను. అప్పటిదాకా, నడపడానికి ప్రమాదం లేదంటే, బండి విప్పను; మీ దగ్గరే ఉంటుంది. పవర్ పెంచే పెద్ద పనులు పూర్తిగా ఆపేస్తున్నాను. ఆ పని మీద బాగానే సంపాదించాను, మీలో కొందరికి చేసింది నేనే. కానీ పవర్ పెంచిన బండిలో ఒకప్పుడు గేర్‌బాక్స్ పోతే ఇంకోటి తెప్పించేవాళ్లం. ఇప్పుడు దొరికేది ఏదో యాక్సిడెంట్ బండిలోంచి తీసిందే. ఎస్‌ఎస్‌టీ (కొన్ని ఈవో 10లకు వచ్చిన రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్‌కు ఆయిల్, ఫిల్టర్ మారుస్తాం. లోపలి రిపేరు మాకు సరిగ్గా రాదు, కాబట్టి చేయం.

రెండో లిఫ్ట్ మాత్రం వేరే బండ్లకే. అద్దె, కుర్రాళ్ల జీతాలు అక్కడినుంచే వస్తున్నాయి. అది లేకపోతే ఈవో లిఫ్ట్ కూడా ఉండదు. యాక్సిడెంట్ అయిన ఈవోలు రెండు కొని విప్పి పెట్టాను. ఆ పార్టులు బయట అమ్మను, మన బండ్లకే వాడతాను.

ఈవో 9, అంతకుముందు బండ్లు ఉన్నవాళ్లకు ఒక మాట. వాటి 4జీ63 ఇంజన్‌లో టైమింగ్ బెల్ట్ పక్కన, అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్‌కు ఇంకో చిన్న బెల్ట్ ఉంటుంది. అది తెగి పెద్దదానిలో చిక్కుకుంటే టైమింగ్ తప్పి వాల్వులు వంగిపోతాయి. ఎక్కువ తిరగలేదు కదా అని వదిలేయకండి. కదలకుండా నిలబెట్టినా రబ్బరు ముసలిదవుతుంది. రెండు బెల్టులూ, టెన్షనర్‌తో సహా, ఒకేసారి మార్పించండి. ఈవో 10కి బెల్ట్ బదులు చెయిన్ ఉంది. దానికి వేళకు ఆయిల్ మారిస్తే చాలావరకు గొడవ ఉండదు. కడిగేటప్పుడు పంపు ఉన్న ఆ వెనక చక్రం లోపల కూడా నీళ్లు కొట్టి మట్టి వదిలించండి. పాత పార్టులు, క్లిప్పులు, బోల్టులు ఏవీ పారేయకండి. ఒక డబ్బాలో వేసి ఉంచండి.

వచ్చే నెల నుంచి సోమ, మంగళవారాలు పూర్తిగా ఈవోలకే. బండి తెచ్చే ముందు ఛాసిస్ నంబరు పంపండి, ఏం దొరుకుతుందో ఏం దొరకదో చూసి నేనే ఫోన్ చేస్తాను. పాత సర్వీస్ బిల్లులు ఉంటే అవీ తీసుకురండి.