నువ్వు పంపిన సీసాల సంగతి

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఖరీదైన మేకప్, క్రీముల పెట్టెని మీ పిన్ని కొడుకు పలాసలో రైలు దిగి, ఇంటిదాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఏదీ పగల్లేదు. "ఎలా ఉన్నాయో ఒక్క మాటలో చెప్పమ్మా" అని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నావు. ఒక్క మాటలో తేలే సంగతా ఇది? పైగా పార్లర్‌లో కస్టమర్ల ముందు సీసా నాలుగు వేలు, డబ్బా పన్నెండు వేలు అని మాట్లాడటం నాకు నచ్చదు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

పెళ్లిళ్ల సీజన్‌కి మన పార్లర్‌లో లగ్జరీ ప్యాకేజీ పెడదామన్నావు కదా. ముందు దానికి జవాబు చెప్పేస్తాను. ఫౌండేషన్‌కి సరే. పౌడర్‌కి కూడా సరే, కానీ నువ్వు పంపిన పౌడర్ కాదు. ఆ క్రీము, ఆ సీరమ్ పేరు చెప్పి 'లగ్జరీ ఫేషియల్' మాత్రం నేను పెట్టను. మీ నాన్నకి కూడా ఇదే చెప్పాను. ఆయన బోర్డు రాయించడానికి అప్పుడే సిద్ధమైపోయారు.

ఫౌండేషన్ బాగుంది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. ట్యూబ్‌లైట్ కింద కాదు, పొద్దున్న కిటికీ దగ్గర కూర్చుని దవడ ఎముక మీద పక్కపక్కనే గీతలు గీసుకుని చూశాను. మనం వాడే దాని గీత కాసేపటికే బూడిద రంగుకి తిరిగింది. నువ్వు పంపినది ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో అద్దం దగ్గరికి జరిగితే గాని కనిపించలేదు. దీనికి కారణం ఉంది. ఏ ఫౌండేషన్‌కైనా రంగు వచ్చేది ఎక్కువగా ఐరన్ ఆక్సైడ్ల వల్లే. ఎరుపు, పసుపు, నలుపు, ఆ మూడింటికి తోడు తెల్లటి టైటానియం డయాక్సైడ్. చవక రకాల్లో చాలావాటికి తెల్లటి ముఖాల కోసం చేసిన రంగులోనే కాస్త నలుపు కలిపి 'డార్క్' అని పేరు పెట్టేస్తారు. మన ఒంటి రంగులో ఉండే పసుపు, ఎరుపు అందులో తగినంత ఉండవు. అందుకే బూడిద తేలుతుంది. 2017లో రిహానా ఫెంటీ బ్యూటీ పెట్టి ఒకేసారి 40 షేడ్లు దింపాక గాని పెద్ద కంపెనీలు చామనఛాయ, నలుపు ముఖాల గురించి గట్టిగా ఆలోచించలేదు. నేను పని నేర్చుకున్న రోజుల్లో మాకు దొరికినవి రెండు మూడు రంగులు. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగుతో పీటల మీద కూర్చున్న పెళ్లికూతుళ్లు ఆ ఆల్బమ్‌లలో ఇంకా ఉన్నారు. వాళ్లని చూస్తే ఇప్పటికీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక నిలుస్తుందా లేదా అన్నది. మన ఊరి ఉక్కపోత సంగతి నీకు తెలుసు. అది రాసుకునే వంటింట్లో గారెలు వేశాను. తర్వాత టిష్యూ పేపర్ అద్దితే చెమట అంటింది గాని రంగు అంటలేదు. ముక్కు పక్కన, పై పెదవి మీద మాత్రం కొంచెం విడిపోయింది. అక్కడ ఏదైనా విడిపోతుంది. మన దగ్గరికి పాతపట్నం వైపు నుంచి తెలుగు పిల్లలూ వస్తారు, ఈ ఊళ్లోని ఒడియా పిల్లలూ వస్తారు. ఒడియా పెళ్లికూతురికి కనుబొమల మీదుగా చందనం చుక్కలు వరసగా పెట్టాలి. కింద బేస్ జారితే చుక్క చుక్కా పాకిపోతుంది. మన పిల్లలకి నుదుట బాసికం దారం ఒరుసుకుంటుంది, తలంబ్రాల పసుపు చెంపల మీద రాలుతుంది, హోమం పొగకి కళ్లు తుడుచుకుంటూనే ఉంటారు. వీటన్నిటికీ తట్టుకునే బేస్‌కి డబ్బు పెట్టడం దండగ కాదు. లెక్క కూడా వేశాను. సీసా 30 మిల్లీలీటర్లు. ఒకరికి ముఖం, మెడ కలిపి ఒకటిన్నర మిల్లీ చాలు. అంటే సీసాకి 20 మంది. నాలుగు వేల సీసా అయినా మనిషికి 200 పడుతుంది. అది ప్యాకేజీలో కలుపుకోవచ్చు.

పౌడర్ దగ్గరే తేడా వచ్చింది. అద్దంలో మహా నున్నగా కనిపించింది. చీకట్లో ఫ్లాష్ వేసి ఫోటో తీయమని మీ నాన్నని అడిగితే, కళ్ల కిందా ముక్కు మీదా తెల్లగా పిండి జల్లినట్టు పడింది. దాదాపు మొత్తం సిలికాతో చేసే ఆ తెల్ల పౌడర్లు ఎక్కువగా అద్దితే ఫ్లాష్ వెలుగుని అలా వెనక్కి కొడతాయి. కళ్లకి కనిపించదు, కెమెరాకి కనిపిస్తుంది. రాత్రి ముహూర్తాలు ఎక్కువ ఉన్న మనకి అది పనికిరాదు. ఒంటి రంగు కలిసిన పౌడర్ ఉంటే చూడు.

క్రీము సంగతికి వద్దాం. నువ్వు ముచ్చటపడి పంపావు, కోపం తెచ్చుకోకు. డబ్బా చేతిలోకి తీసుకోగానే "ఓలమ్మ, ఎంత బరువో" అనిపించింది. వంటింటి త్రాసు మీద పెడితే బరువంతా గాజుదే. లోపల క్రీము 50 గ్రాములే. భూతద్దం పెట్టి వెనక అక్షరాలు చదివాను. ఈ పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ ఉంటే అది ముందు రావాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఆ ఒక శాతం గీత ఎక్కడ ఉందో పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది, నువ్వూ గుర్తుపెట్టుకో. ఫినాక్సీఇథనాల్ అని ఒక ప్రిజర్వేటివ్ ఉంటుంది. దాన్ని ఒక శాతానికి మించి వాడకూడదు. కాబట్టి దాని తర్వాత రాసినవన్నీ ఒక శాతం లోపే. మన క్రీములో ముందు నీళ్లు, గ్లిజరిన్, డైమెథికోన్ అనే సిలికోన్, షియా బటర్. డబ్బా మీద బంగారు అక్షరాలతో రాసిన ఆర్కిడ్ పువ్వు, ముత్యాల పొడి ఫినాక్సీఇథనాల్ దాటాక, పరిమళానికి కూడా తర్వాత ఉన్నాయి. ముడతలకి రాసే రెటినాల్ లాంటివి ఒక శాతం లోపే ఉన్నా పని చేస్తాయి, అది నిజమే. ముత్యాల పొడి అలాంటిది కాదు.

రాసుకుంటే ఎలా ఉందంటే, హాయిగా ఉంది. వేలు జారిపోతుంది, చర్మం పట్టులా తగులుతుంది. ఆ జారుడు డైమెథికోన్‌ది. అది చవక క్రీముల్లోనూ ఉంటుంది. దాని మీద మనం ఎప్పుడూ వాడే నీళ్లరకం ఫౌండేషన్ వేసి చూశాను. వేలితో సర్దగానే రబ్బరుతో చెరిపితే రాలే తుక్కులా ఉండలు ఉండలుగా వచ్చేసింది. పెళ్లికూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టాక ఇలా జరిగితే ఇంకేమన్నా ఉందా! చెవి వెనక రాసి పెట్టుకున్న చోట ఎర్రగా దురద కూడా వచ్చింది. సువాసన కోసం వేసే లినలూల్, లిమోనీన్ లాంటివి కొందరికి పడవు. నాకు పడలేదు, అంతే. అందుకే ఎంత పెద్ద పేరున్న సరుకైనా ముందు చెవి వెనకో, మోచేతి మడతలోనో రాసి రెండు రోజులు చూడమని నేను అందరికీ చెప్పేది.

ఇంకోటి. ఖరీదైన కౌంటర్, చవక కౌంటర్ అంటే రెండు వేరే లోకాలనుకుంటున్నావు నువ్వు. గార్నియర్, లాంకోమ్ రెండూ లోరియాల్ వాళ్లవే. లా మేర్, మ్యాక్, క్లినిక్, చవకగా దొరికే ది ఆర్డినరీ, ఇవన్నీ ఎస్టీ లాడర్ కింద ఉన్నవే. రెండు డబ్బాల్లో ఉన్నది ఒకటే అనడం లేదు. కానీ గ్లిజరిన్‌కి ఏ డబ్బాలో ఉన్నా గ్లిజరిన్ పనే తెలుసు.

విటమిన్ సి సీరమ్ వచ్చేసరికే ముదురు నారింజ రంగులో ఉంది. నువ్వు మూత తీసి ఎన్నాళ్లయిందో గాని, దాని పని అయిపోయినట్టే. ఆస్కార్బిక్ యాసిడ్ గాలి, వెలుతురు, వేడి తగిలితే పాడైపోతుంది. దాన్ని నిలబెట్టడానికే డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 2005లో 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ, అర శాతం ఫెరూలిక్ యాసిడ్ కలిపి చూశారు. ఫెరూలిక్ కలిశాక ఎండ నుంచి రక్షణ రెట్టింపయిందని తేలింది. కాబట్టి సీరమ్ అంతా మోసం అనను. ఏసీ లేని మన పార్లర్‌లో అల్మారాలో పెట్టి వాడేది కాదంటాను. కొంటే చిన్న సీసా కొనుక్కో, ఫ్రిజ్‌లో పెట్టుకో.

ఇక నీ ముఖం. వీడియో కాల్‌లో లైటు వెనక్కి పెట్టుకుంటే నాకు కనిపించదనుకున్నావా? ముక్కు పక్కన పొట్టు లేస్తోంది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పొద్దున్న విటమిన్ సి, సాయంత్రం యాసిడ్ టోనర్, రాత్రి రెటినాల్, మధ్యలో స్క్రబ్. ఒక్కొక్కటీ మంచిదే కావచ్చు, అన్నీ ఒకే చర్మం మీద ఎలా పోస్తావే? సీసా ఖరీదైనదైతే మంట కూడా మంచిదేనని ఎవరు చెప్పారు నీకు? అన్నీ ఆపెయ్. తేలికపాటి ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. మంట పూర్తిగా తగ్గేదాకా ఇంతే. తర్వాత రెటినాల్ ఒక్కటీ మొదలుపెట్టు, వారానికి రెండు రాత్రులు, బఠాణీ గింజంత. అది అక్కకి మాత్రం ఇవ్వకు. కడుపుతో ఉన్నవాళ్లు వాడకూడదు. తగ్గకపోతే టెన్షన్ పడి ఇంకో సీరమ్ కొనకు, స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లు.

సన్‌స్క్రీన్ మాత్రం ఖరీదైనది వద్దు. ఎందుకంటే ఖరీదైతే నువ్వు పొదుపుగా రాస్తావు. ముఖానికి, మెడకి రెండు వేళ్ల పొడవున తీసుకుని రాస్తేనే డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్ నీకు దక్కుతుంది. ఒంటిని కమిలించే ఎండ కిరణాల్లో ఎస్‌పీఎఫ్ 30 దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతం కోసం తన్నుకుని, చిటికెడు రాసుకుంటే ఏం లాభం? నా మంగు మచ్చలకి మాత్రం రంగున్న సన్‌స్క్రీన్ కావాలి. మన రంగు వాళ్లకి మామూలు వెలుతురు కూడా మంగుని పెంచుతుంది. దాన్ని ఆపేది ఫౌండేషన్‌లో ఉండే ఆ ఐరన్ ఆక్సైడే. నాకు ఏదైనా కొనిపెట్టాలని ఉంటే అది కొను.

నీ ఖరీదైన సీసాల కంటే నాకు ఎక్కువ దిగులు పుట్టించేవి చిన్న ట్యూబులు. పోయిన వారం ఒక పిల్ల వచ్చింది. "అపా, పెళ్లి దగ్గర పడింది, ఇంకొంచెం గోరా చేయి" అంది, తెల్లగా చెయ్యమని. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు బయటికి కనిపిస్తున్నాయి, గడ్డం మీద నూగు పెరిగింది, ఎండలోకి వెళ్తే మంట. ఏం రాస్తున్నావమ్మా అంటే, ఎవరో చెబితే మందుల షాపులో కొన్న క్రీము బ్యాగులోంచి తీసింది. స్టెరాయిడ్. మొదట్లో నిజంగానే తెల్లబరుస్తుంది, చర్మం పల్చబడ్డాక దాని అసలు గుణం బయటపడుతుంది. డాక్టర్ చీటీ లేకుండా వీటిని అమ్మకూడదని 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. అయినా దొరుకుతున్నాయి. ఆ పిల్లని బరంపురం మెడికల్ కాలేజీలో స్కిన్ డాక్టర్‌కి చూపించుకోమని పంపాను. డబ్బులు తీసుకుని ఫేషియల్ చేసి పంపొచ్చు, పక్క వీధిలో చేస్తారు కూడా. 'గ్లో' అన్న మాట నీ డబ్బా మీదా ఉంది, ఆ పిల్ల ట్యూబు మీదా ఉంది. అందుకే మన బోర్డు మీద ఆ మాట రాయించను.

మీ మామ్మ మాత్రం ఇవేవీ ఒప్పుకోదు. కంధమాల్ పసుపు, సెనగపిండి, మీగడ ఉండగా ఇవన్నీ దేనికంటుంది. నలుగు పెళ్లికి అందం, ఒంటికి హాయి. అంతవరకు నాకూ ఇష్టమే. ముహూర్తం నాడు పొద్దున్న ముఖానికి పసుపు దట్టంగా పట్టిస్తే మాత్రం నా ఫౌండేషన్ షేడ్ మొత్తం తప్పుతుంది. ఈ గొడవ మా ఇద్దరి మధ్య ఎప్పటికీ తెగదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని. ఆ ఫౌండేషన్‌లోనే మూడు షేడ్లు కొను. ఒకటి బాగా ముదురు, ఒకటి చామనఛాయ, ఒకటి పసుపు ఛాయ ఉన్న లేత రంగు. పది కొననక్కర్లేదు, నేను పళ్లెంలో కలుపుకుంటాను. సగం ధరకి ఒరిజినల్ అని ఎవరైనా అంటే దగ్గరికి పోకు. దిగుమతి సరుకు మీద ఇక్కడి రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా ఉండాలి. అవి లేకపోతే వదిలెయ్. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎమ్ అని ఉంటే తెరిచాక 12 నెలలు అని అర్థం. తెరిచిన తేదీ నేనే పెన్నుతో రాసుకుంటాను, నువ్వు సీలు తియ్యకుండా పంపు. బిల్లు పారేయకు. నాన్న పార్లర్ లెక్కల్లో రాస్తారు, డబ్బు నీ ఖాతాలో వేస్తారు. వద్దనకు, ఇది వ్యాపారం.

క్రీము తిరిగి పంపుదామంటే కుదరలేదు. మామ్మ పట్టుకుపోయింది. రోజూ రాత్రి మడమల పగుళ్లకి రాసుకుంటోంది, బాగా పనిచేస్తోందట. ధర ఎంతని అడిగింది, నూట యాభై అన్నాను. నువ్వు ఫోన్ చేసినప్పుడు నోరు జారకు.

అమ్మ