మంచూ రాకుమారులు జమీందార్లు కారు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చైనా మంచూ రాకుమారుల పతనం గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివించింది. కాని అందులో ఒక్కో రాకుమారుడికి ఓ కోట, దాని కింద ఊళ్లు, శిస్తు కట్టే రైతులు ఉన్నట్టు రాశారు. ఆ మాట చదవగానే ఉత్తరాంధ్ర వాళ్లకి విజయనగరం, బొబ్బిలి గుర్తుకొస్తాయి. 1802 శాశ్వత పరిష్కారంతో శిస్తు శాశ్వతంగా ఖాయమయ్యాక, మన జమీందారు ఈస్టిండియా కంపెనీకి పేష్కష్ (ఏటా కట్టే నిర్ణీత కప్పం) కట్టి, మిగిలింది తనది అనుకున్నాడు. చైనాని ఏలిన మంచూల చింగ్ వంశంలో సంగతి వేరు. అంతకుముందు మింగ్ పాలకులు రాకుమారుల్ని రాష్ట్రాలకు పంపేవారు. మంచూలు అలా కాకుండా వాళ్లందర్నీ రాజధాని పెకింగ్ (నేటి బీజింగ్)లోనే ఉంచేశారు. సెలవు లేనిదే ఊరు దాటకూడదు. చుట్టుపక్కల కొన్ని పొలాల మీద కౌలు వచ్చేది గాని, పరిపాలించే అధికారం లేదు.

బతుకంతా ఖజానా జీతం మీదే. మొదటి తరగతి రాకుమారుడికి ఏడాదికి 10,000 తాయెల్‌ల వెండి, అంటే మన లెక్కలో దాదాపు 32 వేల తులాలు, పైన బియ్యం. రెండో తరగతికి 5,000, మూడో దానికి 2,500, నాలుగో దానికి 1,300. తండ్రి పోయాక వారసుడు ఒక మెట్టు దిగుతాడు. మిగతా కొడుకులు మంచూ భాషలో, నేల మీద విలువిద్యలో, గుర్రం మీద విలువిద్యలో పరీక్ష నెగ్గి హోదా తెచ్చుకోవాలి. తప్పితే ఇంకా కిందికి. వంశం మొత్తం మీద 12 ఇళ్లకే ఈ దిగుడు నుంచి మినహాయింపు. వాళ్లనే ‘ఇనుప టోపీ’ రాకుమారులంటారు.

ఇల్లు కూడా సొంతం కాదు. మన విశాఖ బీచ్‌రోడ్డులో హవామహల్‌ని ఒడిశా జయపురం రాజాలు తమకోసం కట్టించుకున్నారు. పెకింగ్‌లో భవనం చక్రవర్తి ఇచ్చేది, హోదా తగ్గితే తీసేసుకునేది. మీరు ఫొటో వేసిన గాంగ్ భవనాన్నే చూడండి. కట్టించింది హెషెన్ అనే మంత్రి. 1799లో ఆయన్ని చావుకు పంపి, జియాచింగ్ చక్రవర్తి అది తమ్ముడు యోంగ్లిన్‌కి ఇచ్చాడు. యోంగ్లిన్ మనవడు యీక్వాంగ్ నాటికి హోదా బాగా పడిపోయింది. 1851లో షియాన్‌ఫెంగ్ చక్రవర్తి దాన్ని తన తమ్ముడు యీషిన్‌కి, అంటే గాంగ్ రాకుమారుడికి కట్టబెట్టి, యీక్వాంగ్‌ని వేరే ఇంటికి పంపాడు. అదే యీక్వాంగ్ తర్వాత రాజమాత సిషీ దయతో పైకెగబాకి, 1908లో ఇనుప టోపీ పుచ్చుకుని, 1911లో ప్రధానమంత్రి అయ్యాడు! పుట్టుక కన్నా కొలువు దయే గట్టిదని మీ వ్యాసకర్త ఒప్పుకోవాలి.

ఇంకో తప్పు. మీరు రాసినట్టు 1901లో చక్రవర్తి తమ్ముడు జైఫెంగ్ జర్మనీ వెళ్లి కైజర్ (జర్మన్ చక్రవర్తి) ముందు సాష్టాంగపడలేదు. పెకింగ్‌లో జర్మన్ రాయబారి కెటలర్ హత్యకు క్షమాపణ చెప్పడానికి వెళ్లిన మాట నిజమే. పరివారం సాగిలపడాలని జర్మన్లు పట్టుబట్టడంతో ఆయన స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లోనే ఆగిపోయాడు. ఆ షరతు వదులుకున్నాకే పాట్స్‌డామ్‌లో కలిశాడు. అప్పటికి ఆయన వయసు 18.

ఈ రాకుమారుల ఇళ్లు కూలిపోవడం ఎందుకంత వేగంగా జరిగిందో ఇక చెప్పనక్కర్లేదు. 1912 ఫిబ్రవరి 12న చక్రవర్తి గద్దె దిగిపోయాక కొత్త రిపబ్లిక్ ప్రభుత్వం బిరుదులు ఉంచింది, సొంత ఆస్తుల జోలికి రానంది. చక్రవర్తికి ఏటా 40 లక్షల తాయెల్‌లు ఇస్తానంది, అదీ సరిగ్గా చెల్లించలేదు. జీతం మీద బతికిన ఇళ్లలో అమ్మడానికి మిగిలింది సామాన్లే. గాంగ్ మనవడు పూవేయ్, చింగ్ వంశాన్ని మళ్లీ నిలబెట్టాలన్న పిచ్చి ఆశతో, 1912లోనే కంచు పాత్రలు, జేడ్, పింగాణీ జపాన్ వర్తకుడు యమనాకాకి అమ్మేశాడు. వాటిని 1913లో న్యూయార్క్‌లో వేలం వేశారు. ఆ తర్వాత ఆ ఇల్లు కూడా క్రైస్తవ చర్చికి తాకట్టు పడింది.

వ్యాసం రెండో భాగం రాబోతోందని వేశారు. కోట, ఊళ్లు, సాష్టాంగం, ఈ మూడూ అందులో సవరించగలరు.

— విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం