ఆలస్యపు పెళ్లిళ్లు కొత్తేం కాదురా

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నీతో పోట్లాడాలని మహా ఉబలాటంగా ఉంది. "పూర్వం అన్నిచోట్లా చిన్నప్పుడే పెళ్లిళ్లు, ఆలస్యం ఈ కాలంలోనే మొదలైంది" అని అంత ధీమాగా ఎలా రాశావు?

జనాభా లెక్కల పండితుడు జాన్ హజ్నల్ గుర్తున్నాడా? యూరప్ పటం మీద రష్యాలోని లెనిన్‌గ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) నుంచి ఇటలీలోని ట్రియెస్ట్ దాకా గీత గీసి చూడమన్నది ఆయనే, 1965లో. ఆ గీతకి పడమట, ఫ్యాక్టరీలు రాకముందే, ఆడపిల్లలు ఇరవై నాలుగైదేళ్లకి గానీ పెళ్లి చేసుకునేవాళ్లు కాదు. నూటికి పది మందో, ఇంకా ఎక్కువో అసలు చేసుకునేవాళ్లే కాదు! అక్కడ పెళ్లంటే వేరు కాపురం. దానికి నాలుగు డబ్బులు వెనకేసుకోవాలి కదా, అందుకని వయసులో ఉన్నవాళ్లు కొన్నేళ్లు పరాయి ఇళ్లలో పనికి కుదిరేవాళ్లు. గీతకి తూర్పున కొత్త కోడలు అత్తింట్లోనే కలిసిపోయేది, ఆగాల్సిన పనేముంది?

అమెరికా సంగతి ఇంకా తమాషా. 1890లో మగవాళ్ల తొలి పెళ్లి మధ్యస్థ వయసు (పెళ్లాడేవాళ్లలో సగం మందికి ఆలోపే పెళ్లయ్యే వయసు) 26 దాటింది, ఆడవాళ్లది 22. అదే 1956కి వచ్చేసరికి 22.5, 20.1కి పడిపోయాయి. ఇప్పుడేమో 30, 28 దాటాయి. మనం "పాత రోజులు" అనుకునేది ఆ మధ్యలో వచ్చిన పల్లాన్ని! తెల్లవాళ్ల కంటే నల్లజాతి ఆడవాళ్లు ముందే పెళ్లాడిన కాలం కూడా అక్కడ ఉంది, రెండో ప్రపంచయుద్ధం తర్వాత అది తిరగబడింది. నల్లజాతి మగవాళ్లకి నిలకడైన ఉద్యోగాలు పోవడం పెద్ద కారణమని సమాజశాస్త్రవేత్త విలియం జూలియస్ విల్సన్ వాదన. నాకది సబబే అనిపిస్తుంది, మొత్తం కారణం అదొక్కటే కాకపోయినా.

ఇక నువ్వు పంపిన పెళ్లి వయసుల పట్టిక. పెళ్లయినవాళ్లనే అడిగి సగటు తీశారు, అదీ నా బాధ. పాతికేళ్లవాళ్లని అడిగితే, పెళ్లయిన ప్రతివాడికీ పాతికలోపే అయినట్టు తేలుతుంది కదరా! ఇంకా కానివాళ్లు లెక్కలోకే రాలేదు. ఏ వయసులో ఎంతమంది అసలు పెళ్లి కాకుండా ఉన్నారో జనాభా లెక్కల్లోంచి తీసి సగటు కట్టే పద్ధతి హజ్నల్ 1953లోనే చూపించాడు. అయినా ఎప్పుడు చేసుకుంటున్నారన్నది ఒక ప్రశ్న, అసలు ఎంతమంది చేసుకుంటున్నారన్నది ఇంకో ప్రశ్న. జపాన్‌లో 1950లో, యాభై ఏళ్లొచ్చినా పెళ్లికాని మగవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. 2020కి పాతిక మంది దాటారు. సగటు వయసు ఒక్కటే చూస్తే వీళ్లు కనపడనే కనపడరు.

ఆ పట్టికలో యాభై దాటిన పెళ్లికానివాళ్ల వరస ఉందేమో చూసి వెంటనే రాయి. లేకపోతే జనాభా లెక్కల పుస్తకం నువ్వు తీసుకో, కూడికలు నేను వేస్తాను.

నీ కోసం ఎదురుచూస్తూ,
నీవాడు