వైట్‌నర్ పూసిన రికార్డులకు మార్కులా?

సంపాదకులు గారికి,

బీఎస్సీ బయోటెక్నాలజీ చదివి మా క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేరే పిల్లల్ని చూస్తే జాలేస్తుంది, డీఎన్ఏ ముక్కల్ని లక్షల కాపీలు చేసే పీసీఆర్ పద్ధతి గురించి అడిగితే గడగడా అప్పజెబుతారు గానీ అతి కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపిపెట్ చేతికిస్తే బిక్కమొహం వేస్తారు. దాని బటన్ నొక్కితే రెండు చోట్ల ఆగుతుంది, మొదటి స్టాప్ వరకే నొక్కి ద్రవం పీల్చాలి, వదిలేటప్పుడే రెండో స్టాప్ దాకా వెళ్లాలి. వీళ్లేమో ముందే పూర్తిగా నొక్కేస్తారు, 100 మైక్రోలీటర్లు అనుకున్నది కాస్తా ఎక్కువొస్తుంది, ఇక ఆ రీడింగ్ ఎందుకూ పనికిరాదు.

తప్పు వాళ్లది కాదు. ఆవిరి ఒత్తిడితో పరికరాల్లోని క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌ను కాలేజీలో ముట్టుకోనివ్వలేదట, 121 డిగ్రీలు, 15 నిమిషాలు అని రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటే ప్రాక్టికల్ అయిపోయినట్టే! ఆ రికార్డులోనూ వైట్‌నర్ పూసి నీట్‌గా దిద్దితే మార్కులు. మందుల కంపెనీలో అలా చేస్తే ఉద్యోగానికే ఎసరు. తప్పు అంకెను ఒక్క గీతతో కొట్టేసి, అది కనబడేలా ఉంచి, పక్కన సంతకం, తేదీ వేయాలి. దీనికి ఖర్చేముంది చెప్పండి, ఫస్టియర్ నుంచే అలవాటు చేయొచ్చు.

బయోటెక్, మందుల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట దగ్గరే ఉంది కదా. ఫైనలియర్‌లో ఒక నెలైనా పిల్లలు అలాంటి చోట పనిచేసేలా ఉన్నత విద్యామండలి చూడాలి. బస్సులో తీసుకెళ్లి అద్దంలోంచి చూపించే ఇండస్ట్రియల్ విజిట్లు మాత్రం వద్దు.

– ఒక క్యూసీ ఉద్యోగి, మేడ్చల్