వేప్‌ను పోల్చాల్సింది సిగరెట్‌తో కాదు

తల్లిదండ్రులకు నమస్కారం.

గత నెల పదో తరగతిలో శ్వాసక్రియ పాఠం జరుగుతుండగా ఒక విద్యార్థి లేచి అడిగాడు: ‘‘సిగరెట్ కంటే వేప్ 95 శాతం తక్కువ హానికరమని ఇంగ్లండ్‌లో ప్రభుత్వమే చెప్పిందట కదా సార్, మరి మన దేశంలో ఎందుకు నిషేధించారు?’’ ఆ కుర్రవాడు ఉపాధ్యాయుణ్ని ఇరుకున పెట్టడానికి అడగలేదు. ఎక్కడో చదివాడు, నిజమేనా అని తెలుసుకోవాలనుకున్నాడు. ఉపాధ్యాయుడు అప్పటికి చెప్పగలిగినంత చెప్పారు. కానీ అది ఒక్క పీరియడ్‌లో తేలే ప్రశ్న కాదు. పైగా ఇదే మాట ఇప్పుడు చాలామంది పిల్లల నోట వినిపిస్తోంది. అందుకే మార్కులు, క్రీడోత్సవాల కబుర్లు లోపలి పేజీలకు పంపి ఈ పేజీని దీనికే కేటాయించాను.

వేప్ అన్నా ఈ-సిగరెట్ అన్నా ఒకటే. పొగాకును కాల్చకుండా, అందులో వ్యసనం కలిగించే నికోటిన్ ఉన్న ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే పరికరం అది. ముందు ఆ అంకె సంగతి. 2013లో డేవిడ్ నట్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో కొందరు నిపుణులు లండన్‌లో సమావేశమై, సిగరెట్ మొదలుకొని నికోటిన్ బిళ్లల వరకు ఏది ఎంత హాని చేస్తుందో మార్కులు వేశారు. ఆ మార్కుల్లో ఈ-సిగరెట్‌కు చాలా తక్కువ హాని వచ్చింది. 2015లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ తన నివేదికలో ఆ ‘95 శాతం’ మాటను వాడింది. అది ఏళ్ల తరబడి మనుషుల ఆరోగ్యాన్ని గమనించి తేల్చిన లెక్క కాదు, నిపుణుల అంచనా. దాని వెనుక ఉన్న ఆధారాలు బలహీనమైనవని లాన్సెట్ వైద్య పత్రిక అప్పుడే విమర్శించింది.

అయినా ఆ అంచనా వెనుక ఒక న్యాయమైన తర్కం ఉంది. దాన్ని పిల్లల దగ్గర దాచకూడదని నా అభిప్రాయం. సిగరెట్‌లో పొగాకు కాలుతుంది. కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఊపిరితిత్తులనూ గుండెనూ దెబ్బతీస్తాయి. జనం పొగతాగేది నికోటిన్ కోసం, చనిపోయేది మాత్రం తారు వల్ల అని మైకేల్ రస్సెల్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1976లోనే రాశారు. మరి కాల్చకుండా నికోటిన్ అందిస్తే ఆ మనిషి బతుకుతాడు కదా అన్నదే హాని తగ్గింపు వాదం. అది గాలి కబురు కాదు. 2019లో బ్రిటన్‌లో 886 మంది మీద జరిగిన ఒక పరిశోధనలో, ఈ-సిగరెట్ ఇచ్చినవారిలో 18 శాతం మంది ఏడాది తర్వాత కూడా సిగరెట్ ముట్టలేదు. నికోటిన్ ప్యాచీలు (చర్మానికి అంటించుకునే పట్టీలు), చూయింగ్ గమ్ వంటివి వాడినవారిలో అలా నిలబడినవారు 9.9 శాతమే. ఇలాంటి పరిశోధనలన్నిటినీ జల్లెడపట్టే కోక్రేన్ సమీక్ష కూడా ఇదే దిశలో తేల్చింది.

అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. ఈ-సిగరెట్ సాయంతో సిగరెట్ మానినవారిలో 80 శాతం మంది ఏడాది గడిచాక కూడా ఈ-సిగరెట్ పీలుస్తూనే ఉన్నారు. ప్యాచీలు, గమ్‌తో మానినవారిలో వాటిని ఇంకా వాడుతున్నవారు 9 శాతమే. అంటే సిగరెట్ పోయింది, నికోటిన్ పోలేదు. ముప్పై ఏళ్లుగా రోజుకు రెండు ప్యాకెట్లు కాల్చిన మనిషికి అది లాభసాటి బేరమే కావచ్చు. పద్నాలుగేళ్ల పిల్లవాడి దగ్గర వదులుకోవడానికి సిగరెట్టే లేదు. అతని విషయంలో వేప్‌ను పోల్చాల్సింది సిగరెట్‌తో కాదు, మామూలు గాలితో. ఆ విద్యార్థి ప్రశ్నకు నా జవాబు ఇదే. పొగతాగే పెద్దలకు వేప్‌ను సిఫారసు చేసే బ్రిటన్ కూడా పద్దెనిమిదేళ్లలోపు వారికి అమ్మనివ్వదు. ఒకసారి వాడి పారేసే రకాల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి పూర్తిగా నిషేధించింది.

పిల్లల మెదడు నికోటిన్‌కు ఎంత త్వరగా లొంగుతుందో తల్లిదండ్రులకు తెలియాలి. రోజూ తాగితేనే, అదీ కొన్నేళ్లు తాగితేనే వ్యసనం అవుతుందని ఒకప్పుడు వైద్యులే అనుకునేవారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో జోసెఫ్ డిఫ్రాంజా అనే వైద్యుడు ఏడో తరగతి పిల్లలను నెలల తరబడి గమనించి 2000లో వెల్లడించిన ఫలితాలు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాయి. ఎప్పుడో ఒకసారి తాగే పిల్లల్లోనే, రోజూ తాగే స్థితికి రాకముందే, కొందరిలో కొన్ని వారాల్లోనే వ్యసన లక్షణాలు కనిపించాయి. ఆయన బృందం పిల్లల కోసం పది ప్రశ్నల పట్టిక తయారుచేసింది. మానేయాలని ప్రయత్నించి మానలేకపోయావా? తాగకూడని చోట, అంటే బడిలాంటి చోట, ఆపుకోవడం కష్టంగా ఉంటోందా? తాగకపోతే చిరాకు వస్తోందా, చదువు మీద మనసు నిలవడం లేదా? ఇలా సాగుతుంది. ఒక్క ప్రశ్నకు ‘అవును’ అన్నా ఆ పిల్లవాడి స్వేచ్ఛ కొంత చేజారినట్టే లెక్క. ఇందులో రోజుకు ఎన్ని తాగుతున్నావన్న ప్రశ్న లేదని గమనించండి.

నికోటిన్ పీల్చిన కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. అలవాటు పడిన మెదడు మళ్లీ అడుగుతుంది. ఆ అడగడమే చిరాకుగా, ఆందోళనగా బయటపడుతుంది. ఇంకొక దమ్ము పీల్చగానే అది తగ్గుతుంది కాబట్టి ‘ఇది నా టెన్షన్ తగ్గిస్తోంది’ అని పిల్లవాడు నిజంగానే నమ్ముతాడు. పరీక్షల కాలంలో ఈ నమ్మకం మరీ ప్రమాదం. పొగ మానినవారిలో కొన్ని వారాల తర్వాత ఆందోళన పెరగకపోగా తగ్గుతోందని పరిశోధనలు చూపించాయి.

ఇక ఆ పరికరం ఎలా ఉంటుందో చెప్పాలి. మీలో చాలామంది చూసి ఉండరు. ఆ మధ్య మన దగ్గర ఒక కంపాస్ పెట్టెలో దొరికినది అచ్చం హైలైటర్ పెన్నులా ఉంది. రంగు కూడా అలాంటి పచ్చదనమే. అడుగున ఫోన్ ఛార్జర్ దూర్చేంత చిన్న రంధ్రం. మూత తీస్తే మామిడిపండు వాసన వచ్చింది. పొగాకు వాసన లేదు, బూడిద లేదు, నోటి దుర్వాసన లేదు. కాబట్టి చొక్కా వాసన చూసి కనిపెట్టే పాత పద్ధతి దీని ముందు పనిచేయదు. నికోటిన్‌ను లవణాల రూపంలోకి మార్చి గొంతు మండకుండా చేయడం ఈ తరం పరికరాల ప్రత్యేకత. మొదటి సిగరెట్ తాగినప్పుడు వచ్చే దగ్గే చాలామంది పిల్లలను వెనక్కి లాగేది. ఇందులో ఆ అడ్డు తీసేశారు. 2015లో ఈ పద్ధతితో జూల్ అనే పరికరం మార్కెట్లోకి వచ్చాక, 2019 నాటికి అమెరికా హైస్కూలు విద్యార్థుల్లో 27.5 శాతం మంది ఈ-సిగరెట్ వాడుతున్నట్టు అక్కడి ప్రభుత్వ సర్వేలో తేలింది.

మన దేశంలో 2019 నుంచి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు అన్నీ నిషిద్ధం. అయినా దొంగచాటుగా వస్తున్నాయి. లోపల ఏముందో చెప్పే నమ్మదగిన చీటీ ఉండదు. 2019లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది మరణించారు. అందులో చాలావరకు గంజాయి సారం కలిపి చాటుగా అమ్మిన సరుకు వల్ల, అందులోని విటమిన్ ఇ అసిటేట్ వల్ల జరిగిందని తేలింది. ఆ వివరం చెప్పకుండా ‘వేప్ తాగితే చచ్చిపోతావు’ అని పిల్లలను బెదిరించవద్దని మా ఉపాధ్యాయులను కోరాను. పెంచి చెప్పామని తెలిసిన రోజున మనం చెప్పే నిజాలను కూడా వాళ్లు నమ్మరు.

పరిశోధన అంటే ఎక్కడో విదేశాల్లో జరిగేదని మన పిల్లలు అనుకుంటారు. పొగాకు మీద ప్రపంచం చదివిన పరిశోధనల్లో ఒకటి మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో జరిగింది. చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని తాగే ‘అడ్డపొగ’ను ఉత్తరాంధ్రలో అమ్మమ్మల దగ్గర చూసినవారు మీలో ఉంటారు. వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు ఈ అలవాటుకు ఉన్న సంబంధాన్ని 1950లలోనే మన వైద్యులు రాశారు. ఆ తర్వాత ముంబయిలోని టాటా సంస్థ పరిశోధకులు, డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్ కలిసి 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించారు. వారిలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారే అని 1971లో వెల్లడించారు.

నాకు ఇంకా ముఖ్యమనిపించేది ఆ తర్వాతి ఘట్టం. 1970ల చివర్లో శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందార్లతో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ఇంటింటికీ వెళ్లి మాట్లాడారు, సినిమాలు చూపించారు, పోస్టర్లు అంటించారు. ఎవరినీ శిక్షించలేదు. మానినవారూ తగ్గించినవారూ పెరిగారు, నోటిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గాయి. 1986లో ఆ ఫలితాలు లాన్సెట్‌లో అచ్చయ్యాయి. ఎదురుగా కూర్చుని ఓపికగా మాట్లాడితే, దశాబ్దాల అలవాటున్న పల్లె జనం కూడా మారతారని రుజువు చేసింది మన జిల్లాలే.

హాని తగ్గింపు మాటకు మన ఇళ్లలో ఒక సొంత రూపం ఉంది. ‘సిగరెట్ మానేశాను, ఖైనీ మాత్రమే’, ‘పొగ లేదు కదా, గుట్కానే కదా’. స్వీడన్‌లో స్నూస్ అనే పొగరాని పొగాకు వల్ల సిగరెట్లు బాగా తగ్గాయన్నది నిజమే. కానీ స్నూస్ వేరు, మన ఖైనీ, గుట్కా, జర్దా వేరు. మన వాటిలో క్యాన్సర్ కారకాలు చాలా ఎక్కువ, పైగా గుట్కాలో వక్క ఉంటుంది. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ప్రకటించింది. ఆ ప్యాకెట్ కొనుక్కు రమ్మని మీ పిల్లలను కొట్టుకు పంపవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. 13 నుంచి 15 ఏళ్ల పిల్లల మీద 2019లో జరిగిన జాతీయ సర్వేలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. సిగరెట్ రుచి చూసినవారిలో 38 శాతం మంది పదేళ్లు నిండకముందే చూశారు.

పిల్లలకు నేను నేర్పించాలనుకునే ఇంకో అలవాటు, ఏ పరిశోధన చదివినా దానికి డబ్బు ఎవరిచ్చారని అడగడం. నికోటిన్ వ్యసనకారకమని, మనం అమ్మేది అదేనని ఒక అమెరికన్ సిగరెట్ కంపెనీ న్యాయవాది 1963లోనే లోపలి కాగితాల్లో రాసుకున్నాడు. 1994లో ఏడు కంపెనీల అధిపతులు అక్కడి చట్టసభ ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనకారకం కాదని నమ్ముతున్నామన్నారు.

బడి తరఫున మేం చేసేది చెబుతాను. పొగాకు గానీ వేప్ గానీ దొరికినంత మాత్రాన ఏ విద్యార్థికీ టీసీ ఇవ్వం. వస్తువు స్వాధీనం చేసుకుంటాం, మీకు కబురు పెడతాం, తరగతి ఉపాధ్యాయుడు మీ ఎదుటే పిల్లవాడితో మాట్లాడతారు. అవసరమైతే జిల్లా ఆసుపత్రిలోని పొగాకు మాన్పించే కేంద్రానికి పంపిస్తాం. తానంతట తానే వచ్చి చెప్పుకున్న పిల్లవాడి పేరు నోటీసు బోర్డు దాకా రాదు. తోటివారికి అమ్మే విద్యార్థి సంగతి వేరు, అక్కడ కఠినంగానే ఉంటాం.

గేటు ముందు రోడ్డు మీద వంద గజాల దగ్గర వేసిన పసుపు గీత చూసే ఉంటారు. ఆ గీత లోపల పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకైతే ఎక్కడా అమ్మకూడదు. బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. కొట్టు నడిపేవారు మన మధ్యవారే కావచ్చు. ముందు మర్యాదగా చెబుదాం, వినకపోతే పోలీసులకు రాస్తాం. కొట్టు ఎక్కడుందో తెలిసినవారు నాకు చెప్పండి.

పొగతాగే తండ్రులకు, ఖైనీ నమిలే తల్లులకు, తాతలకు విడిగా ఒక మాట. ఇంట్లో పెద్దలు తాగితే పిల్లలు మొదలుపెట్టే అవకాశం పెరుగుతుందని ఎన్నో పరిశోధనలు చెప్పాయి. బ్రిటన్‌లో వైద్యులను 1951 నుంచి యాభై ఏళ్లు గమనించిన రిచర్డ్ డాల్ బృందం, జీవితాంతం సిగరెట్ తాగేవారు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటారని తేల్చింది. అరవైలో మానినా మూడేళ్లు, యాభైలో ఆరేళ్లు, నలభైలో తొమ్మిదేళ్లు తిరిగి దక్కుతాయి. హాని తగ్గించే ఆధారం మీకు కావాలంటే ఇది చాలు. పొగాకు ప్యాకెట్ల మీద ముద్రించే 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది, డాక్టరును అడిగి వాడండి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో డిఫ్రాంజా పది ప్రశ్నలను తెలుగులో అచ్చువేసి ఇస్తాం. ఇంటికి తీసుకెళ్లి పిల్లలతో కలిసి చదవండి. మానాలనుకునే పెద్దల కోసం అదే రోజు గ్రంథాలయంలో సలహాదారును కూర్చోబెడుతున్నాం. అక్కడ పేరు నమోదు చేయించుకోనక్కర్లేదు, మార్కుల కార్డు తీసుకున్నాక వెళ్లవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు