సోరియాసిస్ రోగులకు విటమిన్ డి మాత్ర వేరు, పూత మందు వేరు

సంపాదకులకు నమస్కారం.

చలికాలం మొదలై సోరియాసిస్ అనే చర్మవ్యాధి ముదిరే రోజులు రాగానే పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ, ఫోన్లలో చేతులు మారే సందేశాల్లోనూ ఒక మాట ఏటా వినిపిస్తుంది: ఒంట్లో విటమిన్ డి తగ్గినందువల్లే ఈ జబ్బు వస్తుందని, ఆ లోటు పూడిస్తే పొలుసులు వాటంతటవే రాలిపోతాయని. పంతొమ్మిదేళ్లుగా సోరియాసిస్‌తో బతుకుతూ, ఆ మాటను నమ్మి ఒకసారి ఆసుపత్రి పాలైన మనిషిగా ఈ లేఖ రాస్తున్నాను. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకో ఎవరూ విడమరిచి చెప్పకపోవడం వల్లే నాలాంటి వారు మోసపోతున్నారు.

నేను ప్రకాశం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తాను. తలలోంచి పొలుసులు హాజరు పట్టీ మీద రాలితే పిల్లలు చూడకముందే అరచేత్తో తుడిచేయడం, ముదురు రంగు జాకెట్టు భుజాల మీద తెల్లగా కనిపిస్తాయని లేత రంగులే కట్టుకోవడం, రోహిణీ కార్తెలో కూడా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకోవడం నాకు అలవాటైపోయాయి. ఒకసారి నల్లబల్ల మీద రాస్తుండగా చెయ్యి పైకి జారితే ముందు వరుసలోని ఆరో తరగతి పిల్ల "మేడం, కాలిందా?" అని అడిగింది. కాలిందనే చెప్పాను. ఆ అబద్ధం నన్ను చాలా రోజులు బాధపెట్టింది. ఇది అంటుకునే జబ్బు కాదు, గజ్జీ కాదు, కుష్టూ కాదు. మామూలుగా అటూ ఇటుగా నెల రోజులకు పైకి వచ్చి రాలిపోవలసిన చర్మకణాలు, శరీర రక్షణ వ్యవస్థ దారితప్పడం వల్ల మూడు నుంచి ఐదు రోజుల్లోనే పైకి వచ్చి పొరలు పొరలుగా పేరుకుంటాయి. ఈ సంగతి ఎంత చెప్పినా బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంటుంది. అందుకే మాలాంటి వారు ఒళ్లంతా కప్పుకుని నీడపట్టున తిరుగుతారు.

విటమిన్ డి చర్చలో మరుగున పడే విషయం ఇదే. ఈ విటమిన్‌లో ఎక్కువ భాగం ఆహారం నుంచి కాక, ఎండలోని అతినీలలోహిత కిరణాలలో యూవీబీ అనే భాగం చర్మాన్ని తాకినప్పుడు తయారవుతుంది. నలుగురి చూపులకు జడిసి ఎండకు చర్మాన్ని దాచుకున్న మనిషికి రక్తంలో డి తగ్గిందంటే అందులో ఆశ్చర్యం ఏముంది? సోరియాసిస్ రోగుల్లో ఈ విటమిన్ తక్కువగా ఉంటుందని అనేక పరిశోధనల్లో తేలిన మాట వాస్తవమే. అయితే లోటు వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల లోటు వచ్చిందా అన్నది ఒక్క రక్త పరీక్ష చెప్పలేదు. పైగా మన ప్రాంతంలో ఏ చర్మవ్యాధీ లేనివారిలోనూ ఈ లోటు విస్తారంగా ఉందని తిరుపతి స్విమ్స్ వైద్యులు ఏనాడో చూపించారు. నా మొదటి పరీక్షలో మిల్లీలీటరుకు 11 నానోగ్రాములు వచ్చింది. 20 కంటే తక్కువైతే లోటుగా లెక్కిస్తారు. అదే నెలలో పరీక్ష చేయించుకున్న మా తోడికోడలికి 13 వచ్చింది. ఆమె ఒంటి మీద ఒక్క మచ్చ లేదు.

ఇక నిజం ఎంతవరకో చెప్తాను. 1985లో జపాన్‌లోని ఒసాకా వైద్యులు, ఎముకలు గుల్లబారినందుకు విటమిన్ డికి దగ్గరి మందు ఒకటి వాడుతున్న రోగికి సోరియాసిస్ బాగా తగ్గిపోవడం గమనించి ప్రకటించారు. చర్మకణాలు విటమిన్ డి సంకేతాన్ని అందుకుని తమ పెరుగుదలను తగ్గించుకుంటాయని క్రమంగా తెలిసింది. ఆ దారిలోనే డెన్మార్క్‌లో కాల్సిపోట్రయాల్ అనే పూత మందు తయారైంది. ఇది విటమిన్ డి కుటుంబానికి చెందినదే అయినా రక్తంలో కాల్షియాన్ని పెంచే గుణం చాలా తక్కువగా ఉండేలా మలచిన మందు. నా మోచేతుల మీది దళసరి మచ్చలు దీనితో పల్చబడ్డాయి, అదీ రెండు నెలలు విడవకుండా రాసిన తర్వాత. మందుల షాపువారు చెప్పని జాగ్రత్తలు రెండు మూడున్నాయి. పొలుసులు ఊడటానికి రాసే శాలిసిలిక్ యాసిడ్‌తో కలిపి రాస్తే ఈ మందు పనిచేయకుండా పోతుంది. వారానికి వంద గ్రాములు దాటకూడదు. యూవీబీ కాంతితో చేసే లైటు చికిత్స తీసుకునేవారు దీన్ని చికిత్సకు ముందు కాక తర్వాతే రాసుకోవాలి.

పూత మందు పనిచేసింది కాబట్టి అదే పేరున్న మాత్ర కూడా పనిచేస్తుందని అనుకోవడం సహజమే, నేనూ అలాగే అనుకున్నాను. కానీ నార్వేలోని ట్రోమ్సో నగరంలో, చలికాలమంతా ఎండ దాదాపు కనిపించని చోట, 122 మంది సోరియాసిస్ రోగులను రెండు వర్గాలుగా చేసి నాలుగు నెలలపాటు ఒక వర్గానికి వారానికి 20,000 యూనిట్ల విటమిన్ డి, మరో వర్గానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. డి తీసుకున్నవారి రక్తంలో దాని స్థాయి పెరిగింది గాని జబ్బు తీవ్రతలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వారిలో ఎక్కువమందికి జబ్బు తేలికపాటిదే కాబట్టి ఇదే ఆఖరి తీర్పు అనను. అయినా ఫోన్లలో తిరిగే హామీలతో పోలిస్తే ఇది ఎంతో బరువైన సాక్ష్యం.

ఆ హామీలకు మూలం ఎక్కువగా బ్రెజిల్ నుంచి వచ్చిన ఒక చికిత్సా పద్ధతి. 2013లో అక్కడి వైద్యులు 9 మంది సోరియాసిస్ రోగులకు, 16 మంది బొల్లి రోగులకు రోజుకు 35,000 యూనిట్ల చొప్పున ఆరు నెలలు ఇచ్చి గుణం కనిపించిందని రాశారు. పోల్చి చూడటానికి మందు తీసుకోని వర్గమే అందులో లేదు. ఆ రోగులను పాల పదార్థాలు మానిపించి, నీళ్లు బాగా తాగించి, వైద్యుల కనుసన్నల్లో ఉంచారు. మా బంధువు పంపిన సందేశంలో ఈ జాగ్రత్తలేవీ లేవు, అంకె మాత్రమే ఉంది. మన దగ్గర ఆ మోతాదు దొరకదు కాబట్టి అందరికీ తెలిసిన 60,000 యూనిట్ల గుళికనే రోజుకొకటి వేసుకోమని ఎవరో దానికి జోడించారు.

నాకు మొదట వైద్యులు రాసింది వారానికొకటి, ఎనిమిది వారాలు. అది సరైన మోతాదే. ఎనిమిది వారాలు పూర్తయ్యాక ఆ పాత చీటీనే చూపిస్తే మందుల షాపులో మారు మాట్లాడకుండా ఎన్ని అడిగితే అన్ని ఇచ్చారు. రోజుకొకటి చొప్పున పది వారాలు వేసుకున్నాను. ముందు ఆకలి చచ్చిపోయింది. ఆ తర్వాత మలబద్ధకం, తీరని దాహం, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం. పదో తరగతిలో ఎన్నో ఏళ్లుగా చెబుతున్న పద్యం మధ్యలో తర్వాతి పాదం గుర్తురాక నిలబడిపోయిన రోజున మా వారు నన్ను ఒంగోలు తీసుకువెళ్లారు. రక్తంలో కాల్షియం 10.5 లోపు ఉండవలసింది 13.4 ఉంది, మూత్రపిండాల పరీక్షలో తేడా కనిపించింది. ఆరు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇలాంటప్పుడు కాల్షియం దించడానికి స్టెరాయిడ్ ఇచ్చే పద్ధతి ఉందట, కానీ దాన్ని ఆపగానే సోరియాసిస్ ఒక్కసారిగా విజృంభించే ప్రమాదం ఉండటంతో వైద్యులు వెనకాడారు. ఈ విటమిన్ కొవ్వులో నిలవ ఉంటుంది కాబట్టి, మానేసిన తర్వాత కూడా స్థాయి మామూలుకు రావడానికి నెలలు పట్టింది. మచ్చలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి.

లోటు ఉన్నవారు విటమిన్ డి మానేయమని నేను అనడం లేదు. మాలో కొందరికి కీళ్లవాతం కూడా తోడవుతుంది, ఎముకల బలం అవసరం అందరికంటే మాకు ఎక్కువే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించిన ప్రకారం పెద్దలకు రోజుకు కావలసింది 600 యూనిట్లు. ఆ అంకె పక్కన 60,000 పెట్టి చూస్తే, వారానికొకటి అనే షరతు ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. కాబట్టి వైద్యులు చీటీ మీద మాత్ర మొదలుపెట్టే తేదీతోపాటు ఆపే తేదీని కూడా తెలుగులో రాయాలని, ఆ తేదీ దాటాక షాపులవారు పాత చీటీ మీద ఇవ్వకూడదని కోరుతున్నాను.

ఎండ గురించి కూడా ఒక మాట. లేత ఎండలో నిలబడమని పెద్దలు చెబుతారు గాని, ఉదయం ఏడింటి ఎండలో యూవీబీ చాలా తక్కువ. తిరుపతిలో చేసిన పరిశీలనలోనే పదకొండు నుంచి రెండు గంటల మధ్య ఎండకు చర్మంలో ఈ విటమిన్ ఎక్కువగా తయారవుతుందని తేలింది. అద్దం కిటికీ వెనుక కూర్చుంటే లాభం లేదు. అలాగని చర్మం కమిలేదాకా ఉండకూడదు, కమిలిన చోట కొత్త మచ్చలు లేస్తాయి. చర్మవైద్యులు 311 నానోమీటర్ల యూవీబీ కాంతితో ఇచ్చే చికిత్స ఎండలోని ఈ గుణాన్నే కొలిచి వాడుతుంది, దానితో మచ్చలూ తగ్గుతాయి, రక్తంలో డి కూడా పెరుగుతుంది. అయితే దానికి వారానికి రెండు మూడుసార్లు చొప్పున ఇరవై, ముప్పైసార్లు వెళ్లాలి. మా మండలం నుంచి ఒంగోలు వెళ్లి రావడానికి పూట గడిచిపోతుంది. కూలికి వెళ్లే రోగి అన్ని రోజులు ఎలా వదులుకుంటాడు? జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో ఈ యంత్రాలు పెట్టి, సాయంత్రం వేళ కూడా నడపాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను మీ పత్రిక ద్వారా అభ్యర్థిస్తున్నాను.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. సోరియాసిస్ మీద, విటమిన్ డి మీద వ్యాసం వేసినప్పుడల్లా మోతాదు, ఎన్నాళ్లు, ఎప్పుడు ఆపాలి అన్న మూడూ లేకుండా అచ్చువేయకండి. పూత మందు గురించి రాసిన మాటను మాత్రకు అంటగట్టకండి. అక్టోబరు 29న ప్రపంచ సోరియాసిస్ దినం నాడు వేసే ప్రత్యేక వ్యాసంలో, ఇది అంటుకోదు అన్న మాటను లోపలి పేరాల్లో కాక శీర్షికలోనే పెట్టండి. గత ఏడాది నుంచి నేను పొట్టి చేతుల జాకెట్టుతో బడికి వెళ్తున్నాను. మధ్యాహ్న భోజన విరామంలో పావుగంటసేపు బడి ఆవరణలో ఎండలో కూర్చుంటాను. ఆ ఆరో తరగతి పిల్ల ఇప్పుడు ఎనిమిదికి వచ్చింది. అది కాలిన మచ్చ కాదని, దాని పేరు సోరియాసిస్ అని ఆమెను పిలిచి చెప్పాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు,
ప్రకాశం జిల్లా